దేశం బడ్జెట్‌ను గాడిలో పెట్టాలంటే: ఏ పని ముందు, ఏది తర్వాత

వేసవిలో గోదావరి కాలువలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకి (ఖరీఫ్ వరికి) నీళ్లు వదిలేలోపు దొరికే ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క ఎత్తిపోయాలి, తూముల తలుపులు బాగుచేయాలి. నేను డెల్టాలో ఓ డివిజన్ ఆఫీసులో లెక్కల గుమస్తాగా చేరిన ఏడాది అంచనాలన్నీ మార్చిలోనే తయారయ్యాయి. డబ్బు విడుదల కాగితం చేతికొచ్చేసరికి జూన్ రెండో వారం. అప్పటికి కాలువలో నడుము లోతు నీళ్లు. అయినా పూడిక తీసినట్టు ఎం-బుక్కులో కొలతలు పడ్డాయి. లాకుల దగ్గర తూములు తిప్పే ముసలి లస్కరు నన్ను ఆపి, "నీళ్లలో మట్టి ఎలా కొలిచారండీ గుమస్తాగారూ, ములిగి చూశారా?" అని నవ్వాడు.

అది రాష్ట్రం పద్దు. కేంద్రం బడ్జెట్‌లో అంకెలు పెద్దవి, రోగం మాత్రం ఇదే. డబ్బు కాగితం మీద ఉంటుంది, కావాల్సిన రోజున కావాల్సిన చోట ఉండదు.

"ఒక దేశం తన బడ్జెట్ పద్ధతిని బాగుచేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని గ్రూప్స్‌కి చదివే పిల్లలు, అకౌంట్స్‌లో కొత్తగా చేరినవాళ్లు అడుగుతూనే ఉన్నారు. పుస్తకాల్లో సంస్కరణల పేర్లు దొరుకుతాయి, వరస దొరకదు. నా లెక్కలో వరసే అసలు విషయం. ఆర్థిక శాఖలో ఆ కుర్చీలో మీరే కూర్చున్నారనుకుని చదవండి.

## 1. ముందు బల్ల మీద పెట్టుకోవాల్సిన కాగితాలు

కొత్త చట్టం రాయడానికి, కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు ఇవి చేతికి రావాలి:

- గత ఐదేళ్ల బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు. మూడూ పక్కపక్కన, శాఖలవారీగా.
- ప్రభుత్వ సంస్థల పేరున ఉన్న బ్యాంకు ఖాతాలన్నిటి జాబితా, ఒక్కో దాంట్లో నిల్వ.
- చెల్లించని బిల్లులు, ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో తేదీతో సహా.
- బడ్జెట్‌లో కనిపించని అప్పులు, ప్రభుత్వం ఇచ్చిన గ్యారంటీలు.
- ఎవరికి ఎంత వరకు మంజూరు చేసే అధికారం ఉందో చెప్పే ఉత్తర్వులు.

రెండోది, మూడోది ఎవరూ వెంటనే ఇవ్వరు. "పంపిస్తాం సార్" అంటారు. నెల గడుస్తుంది. ఆ రెండు జాబితాలూ రాకుండా తర్వాతి మెట్టు ఎక్కితే పని మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి అక్కడే కూర్చోండి.

మొదటి జాబితా రాగానే చిన్న లెక్క వేయండి. ఏటా అసలు ఖర్చు, అంచనాలో ఎంత శాతం? దేశాల ఆర్థిక నిర్వహణను తూచే 'పెఫా' కొలమానంలో, గత మూడేళ్లలో కనీసం రెండేళ్లు మొత్తం ఖర్చు అంచనాలో 95 నుంచి 105 శాతం మధ్య ఉంటేనే మొదటి గ్రేడు. మొత్తం సరిపోయి శాఖలు అటూఇటూ అయితే ఒక రకం జబ్బు. మొత్తమే తప్పితే అంతకంటే పెద్దది.

## 2. వచ్చేది ఎంతో తేల్చాకే పంచడం మొదలుపెట్టండి

బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూడకుండా దాళ్వాకి (రబీ వరికి) ఎన్ని ఎకరాలివ్వాలో ఎవరూ చెప్పరు. చెప్పిన ఏడాది శివారు చేలు ఎండుతాయి.

బడ్జెట్‌లో జరిగేది చాలాసార్లు దీనికి తలకిందులు. శాఖలు కోరికల జాబితా పంపుతాయి, వాటిని కూడతారు, ఆ మొత్తానికి సరిపోయేలా ఆదాయం అంచనాను పైకి లాగుతారు. దీన్ని తిప్పాలి. వరస ఇది:

1. పన్నులు, ఇతర రాబడి ఎంత రావచ్చో లెక్కగట్టండి. దీన్ని ఖర్చు పెట్టే శాఖల చేతిలో పెట్టకండి.
2. ఎంత లోటు భరించగలమో నిర్ణయించండి. మన దగ్గర 2003 నాటి ఎఫ్‌ఆర్‌బీఎం (ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ) చట్టం ఉన్నది ఇందుకే.
3. తప్పించుకోలేని ఖర్చు ముందే పక్కన పెట్టండి: వడ్డీలు, జీతాలు, పింఛన్లు, ఒప్పందం అయిపోయిన పనులు.
4. మిగిలినదాన్ని శాఖలకు పరిమితులుగా పంపండి. ఆ పరిమితి లోపల ఏం చేస్తారో వాళ్లే రాసి పంపాలి.

మూడో మెట్టు ఎందుకంటే, 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనా మొత్తం 50.65 లక్షల కోట్లు. అందులో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. రూపాయిలో పావలా కుర్చీలో కూర్చోకముందే అయిపోయింది. జీతాలు, పింఛన్లు, రక్షణ, సబ్సిడీలు తీసేశాక కొత్త ఆలోచనలకు మిగిలేది ఎంతో ముందే తెలిస్తే శాఖలతో సగం గొడవ తప్పుతుంది.

స్వీడన్ 1990ల సంక్షోభం తర్వాత ఇదే పద్ధతికి మారింది. పార్లమెంటు ముందు మొత్తం ఖర్చుకు పైకప్పు వేస్తుంది, తర్వాత దాన్ని 27 విభాగాలకు పంచుతుంది, వివరాలు ఆ తర్వాతే. ఒక విభాగానికి పెంచాలంటే ఇంకోచోట తగ్గించాలి.

సాధారణ తప్పు: పరిమితులు పంపాక మంత్రులు ఒక్కొక్కరే వచ్చి సడలింపు అడగడం, మనం ఇచ్చేయడం. దిద్దుబాటు ఏమిటంటే, పరిమితులు ఆర్థిక శాఖ పేరుతో వెళ్లకూడదు, కేబినెట్ ఆమోదంతో వెళ్లాలి. అప్పుడు సడలింపు కావాలన్నవాళ్లు ఎవరి వాటా కొయ్యాలో అందరి ముందూ చెప్పాల్సి వస్తుంది.

## 3. దొంగ తూములు మూయండి

అధికారిక తూములు పది ఉంటాయి. గట్టు కింద పైపులు ఇరవై ఉంటాయి. లెక్క మాత్రం పదికే వేస్తాం.

బడ్జెట్‌కు బయట చేసే అప్పులు ఆ పైపులే. ప్రభుత్వం ఇవ్వాల్సిన సబ్సిడీని సంస్థ చేత అప్పు చేయించి కట్టిస్తే ఈ ఏడాది లోటు తక్కువగా కనిపిస్తుంది. ఆహార సబ్సిడీలో అదే జరిగింది. భారత ఆహార సంస్థకు రావాల్సిన డబ్బులో కొంత, చిన్న పొదుపుల నిధి నుంచి అప్పుగా నడిచింది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ అప్పు తీర్చి ఖర్చును బడ్జెట్‌లోకి తెచ్చారు. 2020-21కి 1.15 లక్షల కోట్లుగా ఉన్న ఆహార సబ్సిడీ అంచనా, సవరణలో 4.22 లక్షల కోట్లయింది. కోవిడ్ ఉచిత బియ్యం ఖర్చూ అందులో ఉంది, పాత బాకీ తీర్చడమూ ఉంది. మన మిల్లుల్లో ఆడిన ధాన్యం లెక్క చివరికి తేలేది ఈ పద్దులోనే.

చేయాల్సింది: బయటి అప్పులన్నీ ఒక్క పట్టికలో పెట్టి బడ్జెట్‌తో పాటే సభ ముందుంచండి. అన్నిటినీ ఒకే ఏడాది లోపలికి తేలేకపోతే మూడేళ్ల షెడ్యూలు రాయండి. కొత్తవి మాత్రం ఆ రోజు నుంచే ఆగిపోవాలి.

పద్దుల వర్గీకరణ కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. మన పద్ధతిలో పద్దు మొదటి అంకె చూస్తే చాలు. 2, 3తో మొదలైతే రెవెన్యూ ఖర్చు (ఏటా నడిపే ఖర్చు), 4, 5 అయితే మూలధన ఖర్చు (ఆస్తి పెంచే ఖర్చు). భారీ నీటిపారుదలకి 2700, 4700. ఏటా చేసే పూడికతీతను 4700లో వేస్తే రెవెన్యూ లోటు తగ్గినట్టు, ఆస్తి పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగేది గుర్రపుడెక్క ఒక్కటే. 2017-18లో ప్రణాళిక, ప్రణాళికేతర అనే తేడా తీసేశాక రెవెన్యూ, మూలధనం అన్న ఈ ఒక్క గీతే మిగిలింది కాబట్టి దీన్ని చెడనివ్వకూడదు.

## 4. డబ్బంతా ఒక్క చెరువులో

ప్రభుత్వం ఒకవైపు వడ్డీకి అప్పు తెస్తుంటుంది. ఇంకోవైపు వందల ఖాతాల్లో ప్రభుత్వం డబ్బే కదలకుండా పడుంటుంది. ఇది విన్న ఏ గృహిణి అయినా నవ్వుతుంది.

కేంద్ర ప్రాయోజిత పథకాలకు 2021 జులై 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి పథకానికి రాష్ట్రంలో ఆ డబ్బు చూసుకునే నోడల్ సంస్థ ఒక్కటే, ఒక్కటే ఖాతా. కింది ఆఫీసులకు జీరో బ్యాలెన్స్ ఖాతాలు, పరిమితి మేరకు అందులోంచే చెల్లింపు. దాని తర్వాతి మెట్టు 'స్పర్శ్' పద్ధతిలో, చెల్లించే రోజుకే రిజర్వు బ్యాంకు ద్వారా డబ్బు కదులుతుంది. మధ్యలో నిలవ ఉండదు.

మీరు మొదలుపెడితే ఈ వరసలో వెళ్లండి:

- ముందు ఖాతాల గణన. కొత్త ఖాతా తెరవాలంటే ఆర్థిక శాఖ అనుమతి తప్పనిసరి.
- ఏడాదిగా లావాదేవీ లేనివి వెంటనే మూసేయండి.
- పెద్ద నిల్వలున్న ఖాతాలను ఒక్క ప్రధాన ఖాతాలో కలపండి. చిన్నవాటితో మొదలుపెడితే అలసట మిగులుతుంది, డబ్బు మిగలదు.
- విరాళాలు, కోర్టు డిపాజిట్ల వంటి వాటిని చివరకు వదలండి. వాటికి న్యాయపరమైన చిక్కులుంటాయి.

ఖాతా పోతే అధికారం పోతుందని కింది ఆఫీసు భయపడుతుంది. నిజానికి పోయేది చెక్కు పుస్తకమే, ఖర్చు పరిమితి అలాగే ఉంటుంది. ఇది ముందే రాసివ్వకపోతే మార్చి 31 రాత్రి డబ్బంతా ఏదో సొసైటీ ఖాతాలోకి దూకుతుంది. దాన్ని 'ఖర్చయింది' అని రాస్తారు.

## 5. ఒప్పుకున్న ఖర్చును పట్టుకోండి

ఈ గైడులో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

చాలా ఆఫీసుల్లో రిజిస్టరుకు రెండే గడులు: ఇచ్చిన బడ్జెట్, చెల్లించిన మొత్తం. తీసివేత చేసి మిగిలింది ఉందనుకుంటారు. ఉదాహరణకి ఓ పద్దులో 100 రూపాయలిచ్చారు, 60 చెల్లించారు. ఇంకా 40 ఉందని కొత్త పని మంజూరు చేస్తారు. కానీ అప్పటికే 55 రూపాయల పనులకు అగ్రిమెంట్లు అయిపోయి ఉన్నాయి. అంటే కొత్త పని లేకపోయినా 15 రూపాయలు బకాయి. కొత్త పనికి 30 ఇస్తే 45. ఈ 45 ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు. కాంట్రాక్టరు సంచిలో బిల్లు రూపంలో తిరుగుతుంటుంది. వచ్చే ఏడాది కొత్త డబ్బు రాగానే మొదట దాన్ని మింగుతుంది.

కాబట్టి ప్రతి పద్దుకు నాలుగు గడులుండాలి:

1. ఇచ్చింది.
2. ఒప్పుకున్నది. ఆఫీసు భాషలో కమిట్‌మెంట్. అగ్రిమెంటు మీద సంతకం కాకముందే నమోదవ్వాలి.
3. బిల్లయింది. పని జరిగి, కొలిచి, సరిచూసినది.
4. చెల్లించింది.

కొత్త సంతకానికి అడ్డుపడాల్సింది మొదటి గడిలోంచి రెండో గడి తీసేస్తే వచ్చే అంకె. ఇక్కడ రెండో గడిలో 60, 55 కలిసి 115 ఉండాలి. అప్పుడు ఆ కొత్త పని ఫైలు కదలదు. కంప్యూటరులో పెడితే, మిగులు లేని పద్దులో నమోదు నంబరు పుట్టకూడదు. నంబరు లేని అగ్రిమెంటుకు ప్రభుత్వం డబ్బివ్వదని ఉత్తర్వు ఇచ్చి పత్రికల్లో వేయించండి. కాంట్రాక్టర్లే నంబరు అడగడం మొదలుపెడతారు. ఆడిట్ కంటే అది బాగా పనిచేస్తుంది.

డబ్బు విడుదలను బిగిస్తే చాలదా అని అడుగుతారు. ఉగాండా 1992లో రాబడి వచ్చినంతే ఖర్చు అని పట్టుబట్టింది. ధరలు అదుపులోకి వచ్చాయి. కానీ శాఖలు పనులు ఒప్పుకోవడం మానలేదు కాబట్టి బకాయిలు పేరుకున్నాయి. ఆ దశాబ్దం చివర్లో ఒప్పుకున్న ఖర్చు మీద నియంత్రణ తేవాల్సి వచ్చింది. నోరు కట్టేసినంత మాత్రాన ఆకలి తీరదు కదా.

తరచూ జరిగే తప్పులు, వాటికి మందు:

- విడుదలలు నెలకోసారి, చివరి నిమిషంలో. మందు: మూడు నెలలకు ముందే పరిమితి చెప్పడం, చెప్పింది తప్పకపోవడం.
- ఏళ్లు నడిచే పనులకు ఈ ఏడాది ముక్కే నమోదు చేయడం. మందు: మొత్తం విలువ, ఏటేటా పడే భారం రెండూ రాయాలి.
- కరెంటు, అద్దె, నీటి బిల్లులను ఒప్పుకున్న ఖర్చులో వేయకపోవడం. మందు: ఏడాది మొదట్లోనే అంచనా వేసి ఆ మొత్తాన్ని పక్కన పెట్టేయాలి.
- పాత బకాయిలకు దారి చూపకుండా కొత్త పద్ధతి పెట్టడం. మందు: బకాయిలను సరిచూసి, పాతవాటి నుంచి వరసగా చెల్లించే పట్టిక ప్రకటించాలి. ముఖం చూసి చెల్లిస్తే మొదటి నెలలోనే పద్ధతి చస్తుంది.

## 6. క్యాలెండర్ జరపండి

2017కు ముందు కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి చివరి రోజున వచ్చేది. మార్చిలో ఓట్ ఆన్ అకౌంట్‌తో (పూర్తి ఆమోదం వచ్చేదాకా తాత్కాలిక ఖర్చుకు అనుమతి) రెండు నెలలు గడిపి, పూర్తి బడ్జెట్ మేలో ఆమోదం పొందేది. శాఖలకు డబ్బు చేరేసరికి నైరుతి వర్షాలు. వానల్లో రోడ్డు వేయలేరు, కాలువ తవ్వలేరు. అక్టోబరులో మొదలై మార్చిలో పరుగులు. ఇప్పుడు ఫిబ్రవరి 1న పెట్టి, మార్చి ముగిసేలోపే ఆమోదిస్తున్నారు. ఎన్నికల ఏడాది తప్ప, ఏప్రిల్ 1న డబ్బు సిద్ధం.

మీ క్యాలెండర్ వెనక నుంచి రాయండి. పని చేయగలిగే నెలలేవి? వాటికి ముందు టెండరుకు ఎన్ని రోజులు? దానికి ముందు మంజూరుకు ఎన్ని? అలా వెళ్తే శాఖలను అంచనాలు అడిగే సర్క్యులర్ ఏ నెలలో పంపాలో తేలుతుంది. కేంద్రంలో అది సెప్టెంబరు ప్రాంతంలో వెళ్తుంది, అక్టోబరు నుంచి శాఖలతో చర్చలు.

మార్చి పరుగుకు విడిగా తాళం ఉంది. కేంద్ర శాఖలు చివరి మూడు నెలల్లో బడ్జెట్‌లో 33 శాతానికి, మార్చి ఒక్క నెలలో 15 శాతానికి మించి ఖర్చు చేయకూడదన్నది ఆర్థిక శాఖ నియమం. తాళం మంచిదే, కానీ మొదటి ఆరు నెలల్లో డబ్బు ఆపేసి చివర్లో ఈ నియమం చూపిస్తే పని చేసినవాడికే శిక్ష.

## 7. మధ్యలో మార్పులు

వరదొస్తుంది, తుపానొస్తుంది, మార్పులు తప్పవు. రాజ్యాంగం 115వ అధికరణంలో అనుబంధ పద్దులకు (ఏడాది మధ్యలో సభను అడిగే అదనపు డబ్బు), 267లో ఆగంతుక నిధికి (అనుకోని అవసరాలకు ఉంచేది) దారి ఉంది. కేంద్రం ఆగంతుక నిధిని 2021లో 500 కోట్ల నుంచి 30,000 కోట్లకు పెంచారు.

నియమం చిన్నదిగా పెట్టుకోండి. ఏడాదికి అనుబంధ బడ్జెట్లు ఎన్నో ముందే చెప్పండి. జీతాల పద్దులోకి, మూలధనం నుంచి బయటకి మళ్లింపులు వద్దు. ఖర్చు చేసేశాక ఆమోదం అడగడం అలవాటైతే బడ్జెట్ అన్న మాటే మర్చిపోవచ్చు.

## 8. లెక్క ప్రతి నెలా బయటపెట్టండి

కేంద్రంలో కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ నెలవారీ లెక్కలు ప్రచురిస్తుంది. బ్యాంకు లెక్క, ఖజానా లెక్క, శాఖ లెక్క మూడూ నెలాఖరుకు కలవాలి. కలవని మొత్తాన్ని సస్పెన్స్‌లో (తేలేదాకా పెట్టే తాత్కాలిక పద్దు) వేసి నిద్రపోకూడదు. కాగ్ నివేదిక, దాని మీద ప్రజాపద్దుల సంఘం విచారణ తర్వాత వస్తాయి, అవసరమే. కానీ అప్పటికి ఏళ్లు గడిచిపోతాయి.

## 9. ఫలితాల బడ్జెట్ ఇప్పుడు, అంతకుముందు కాదు

కొత్తగా వచ్చినవాళ్లందరికీ దీనిమీదే మోజు. 'ఇంత డబ్బుకు ఇంత ఫలితం' అని పట్టికలు, మూడేళ్ల అంచనాలు, రంగురంగుల డ్యాష్‌బోర్డులు. మన దగ్గర అవుట్‌కమ్ బడ్జెట్ 2005-06లోనే మొదలైంది. ఘనా 1990ల చివర్లో మధ్యకాలిక ప్రణాళికను ఉత్సాహంగా పెట్టింది, కింద లెక్కలు, చెల్లింపులు నిలకడగా లేక అది కాగితం పనిగా మారిపోయింది. ఈ ఏడాది డబ్బే మార్చిదాకా వస్తుందో రాదో తెలియని ఆఫీసు మూడో ఏడాది ఫలితం గురించి ఏం రాస్తుంది? టైపు కొట్టి పంపుతుంది.

పై మెట్లన్నీ రెండేళ్లు నిలిచాక రెండు మూడు శాఖల్లో మొదలుపెట్టండి. ఒక్క అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే చేయొచ్చు. ఏ కట్టడం మంజూరు చేసినా దాని నిర్వహణ ఖర్చు పక్కనే రాయించండి. లక్షలు పెట్టి తూముకు కొత్త తలుపు బిగిస్తారు, స్క్రూకు గ్రీజు కొనడానికి పద్దు ఉండదు. రెండు సార్వాలకి అది తుప్పుపట్టి బిగుసుకుంటుంది. లస్కరు గడ్డపారతో మెలితిప్పుతాడు, స్క్రూ విరుగుతుంది, కొత్త తలుపుకు మళ్లీ అంచనా వేస్తారు.

## 10. శివారుకి వెళ్లి చూడండి

కాలువ సరిగా పారుతోందో లేదో లాకుల దగ్గర తెలియదు, ఆఖరి తూము దగ్గర తెలుస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఇలా చేయండి:

- చెల్లింపుల జాబితాలోంచి యాభై లాటరీ పద్ధతిలో తీయండి. శాఖను ఎంపిక చేయనివ్వకండి.
- ఒక్కోదానికి తేదీలు రాయండి: మంజూరు, నమోదు నంబరు, పని మొదలు, కొలత, బిల్లు, డబ్బు చేరిన రోజు.
- కొలత తేదీకి ముందే బిల్లు ఉంటే, నమోదుకు ముందే పని మొదలైతే ఎర్రగీత గీయండి.
- పది చోట్లకు టేపు పట్టుకుని మీరే వెళ్లండి. ముందుగా ఫోన్ చేయకండి.

కాలువ పని అయితే నీళ్లు వదిలేలోపే వెళ్లండి, మే దాటనివ్వకండి. ఆఫీసు జీపు కట్ట మీదే వదిలేసి అడుగుదాకా దిగండి.